సునిటినిబ్ ఇచ్చిన కణితిలో కణాలు చచ్చేది రక్తం అందకనా, మందు నేరుగా తగిలా? తేల్చేదెలా?

స్లైడ్‌బాక్స్ (ప్రశ్న):

నమస్కారం. హెచ్‌టీ-29 కణాలను, అంటే మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలను, న్యూడ్ ఎలుకల, అంటే మనిషి కణాలను తిరస్కరించని ఎలుకల, డొక్కలో చర్మం కింద ఎక్కించాం. కణితి 200 ఘన మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక (పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2) సునిటినిబ్ మేలేట్ (కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే క్యాన్సర్ మందు, ఉప్పు రూపంలో) మొదలుపెట్టాం. కిలోకు 40 మి.గ్రా., రోజుకోసారి గవాజ్‌తో (నోటి నుంచి జీర్ణాశయంలోకి గొట్టంతో), 14 రోజులు. వెహికల్ (మందు లేని) గుంపుకు 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఒక్కటే. చివరి డోసు ఇచ్చిన మర్నాడు కణితులు తీసి ఒక సగం ఫార్మలిన్‌లో (పారాఫిన్ బ్లాకులకు), ఇంకో సగం ఓసీటీలో (గడ్డకట్టించి కోసే మాధ్యమంలో) పెట్టాం.

సీడీ31 (నాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాల గుర్తు) చూస్తే మందు గుంపులో నాళాలు బాగా పలచబడ్డాయి. ఓసీటీ సెక్షన్ల మీద ఎఫ్ఐటీసీ టునెల్ (చచ్చే కణాల్లో తెగిన డీఎన్ఏను ఆకుపచ్చగా చూపే పరీక్ష) చేస్తే ఆకుపచ్చ విపరీతంగా పెరిగింది. కణితి ఎదుగుదల నెమ్మదించింది కానీ కుంచించుకుపోలేదు. డిష్‌లో ఎంటీటీ (బతికున్న కణాలను కొలిచే పరీక్ష) పెడితే 10 మైక్రోమోలార్ దగ్గర హెచ్‌టీ-29 కణాలు చాలావరకు పోతున్నాయి.

రివ్యూయర్ ప్రశ్న ఇది: నాళాలు పోయి రక్తం అందక కణాలు చచ్చాయా, మందు కణాలకే తగిలి చచ్చాయా, లేక కణాలు చచ్చాక వాటి వెనక నాళాలు పోయాయా? 14వ రోజు స్లైడ్ మూడు కథలకూ సరిపోతుంది. ఏ ప్రయోగం పెడితే తేలుతుంది? ఉన్న బ్లాకుల నుంచి ఎంతవరకు రాబట్టొచ్చు?

ఎండోథీలియం:

ముందు డిష్ లెక్క సరిచేద్దాం, ఎందుకంటే రివ్యూయర్‌కి అనుమానం పుట్టించింది అదే. కణాల్లో వీఈజీఎఫ్ఆర్-2 (నాళాలను పెంచే వీఈజీఎఫ్ సిగ్నల్‌ను అందుకునే రిసెప్టర్) ఫాస్ఫారిలేషన్‌ను, అంటే అది మేలుకోవడాన్ని, సగానికి తగ్గించడానికి సునిటినిబ్ సుమారు 10 నానోమోలార్ చాలు. ఎలుకల్లో కణితిని ఆపే డోసు దగ్గర ప్లాస్మాలో ఉండేది మిల్లీలీటరుకు 50 నుంచి 100 నానోగ్రాములు. అణుభారం 398.5 కాబట్టి అది 125 నుంచి 250 నానోమోలార్. మీ 10 మైక్రోమోలార్ దానికి 40 నుంచి 80 రెట్లు. పైగా ప్లాస్మాలో ఉన్న మందులో 95 శాతం ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. 10 శాతం సీరం ఉన్న మీడియాలో అంత బంధం ఉండదు. అంత ఎక్కువలో సునిటినిబ్ చాలా కైనేజులను (ఫాస్ఫేట్ తగిలించి సిగ్నల్ నడిపే ఎంజైములను) తాకుతుంది. అక్కడ చచ్చిన కణాన్ని చూపించి వీఈజీఎఫ్ఆర్ ఆపడం వల్ల చచ్చిందనడం కుదరదు, కణితిలోనూ అలాగే చచ్చిందనడమూ కుదరదు.

కాబట్టి డిష్‌లో రెండు రకాల కణాలను పక్కపక్కన పెట్టండి. హెచ్‌టీ-29 ఒకవైపు, హువెక్ (మనిషి బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలు) ఇంకోవైపు, 10, 30, 100, 300, 1000 నానోమోలార్. డీఎంఎస్ఓ అన్ని బావుల్లో ఒకేలా, 0.1 శాతం దాటకుండా. హువెక్ ఆరో పాసేజ్ దాటితే వాడకండి, వీఈజీఎఫ్‌కి స్పందన మందగిస్తుంది. ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది మీడియా దగ్గర. పూర్తి ఎండోథీలియల్ మీడియాలో బేసిక్ ఎఫ్‌జీఎఫ్, ఈజీఎఫ్, ఐజీఎఫ్ అన్నీ ఉంటాయి. వీఈజీఎఫ్ దారి మూసినా మిగతావి కణాన్ని బతికించేస్తాయి, మీకు మందు పనిచేయనట్టు కనిపిస్తుంది. 0.5 శాతం సీరంలో రాత్రంతా ఉంచి, తర్వాత వీఈజీఎఫ్-165 ఒక్కటే (మి.లీ.కు 50 నానోగ్రాములు) ఇచ్చి బతికించండి. ఆ బతుకును మందు లాగేసుకుంటుందా లేదా అన్నది 24, 48 గంటలకు కాస్పేస్-3/7తో (అపోప్టోసిస్‌ను, అంటే కణం తనను తాను చంపుకోవడాన్ని నడిపే ఎంజైములు) చూడండి. టార్గెట్ ఆగిందని చూపడానికి మందు ఒక గంట ముందుగా, తర్వాత వీఈజీఎఫ్ 5 నుంచి 10 నిమిషాలు, వెంటనే ఐసు మీద ఆర్థోవెనడేట్ కలిపిన చల్లటి బఫర్. వెస్టర్న్‌లో టైరోసిన్ 1175 ఫాస్ఫో బ్యాండ్, దాని కింద మొత్తం వీఈజీఎఫ్ఆర్-2.

జరిగే తీరు టూకీగా: వీఈజీఎఫ్ఆర్-2 నుంచి పీఐ3కే, అక్కణ్ణుంచి ఎకెటి. ఎకెటి బ్యాడ్‌ను (చావు వైపు నెట్టే ప్రొటీన్) కట్టేసి ఉంచుతుంది, బీసీఎల్-2, సర్వైవిన్ (కణాన్ని కాపాడే ప్రొటీన్లు) పైకి ఉంటాయి. సిగ్నల్ ఆగగానే ఈ కాపలా పోయి మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి బయటికి, కాస్పేస్-9, తర్వాత కాస్పేస్-3. అన్ని నాళాలూ ఒకేలా చావవు. పెరిసైట్ (నాళానికి బయట ఆనుకుని ఉండే కణం) తొడుగు లేని లేత నాళాలు ముందు పోతాయి, తొడుగు ఉన్నవి నిలుస్తాయి. సునిటినిబ్ పెరిసైట్లకు కావలసిన పీడీజీఎఫ్ఆర్-బీటాను కూడా ఆపుతుంది కాబట్టి ఆ తొడుగు కూడా కొంత వదులవుతుంది.

అసలు జవాబు రెండు చోట్ల ఉంది: కాలంలో, జాతిలో. మీ కణితిలో నాళం ఎలుకది, క్యాన్సర్ కణం మనిషిది. ఇది జెనోగ్రాఫ్ట్ ఇచ్చే పెద్ద సౌకర్యం, చాలామంది వాడుకోరు. మొదటి డోసు తర్వాత 1, 3, 7, 14 రోజులకు వేర్వేరు ఎలుకల నుంచి కణితులు తీయండి. ప్రతి సమయంలోనూ చచ్చేవి ఎలుక కణాలా, మనిషి కణాలా అని విడివిడిగా లెక్కపెట్టండి. నాళాల దారి నిజమైతే 1వ రోజుకు ఎండోథీలియల్ కణాల్లో క్లీవ్డ్ కాస్పేస్-3 (తెగి పనిలోకి దిగిన కాస్పేస్) లేస్తుంది, కణితి కణాల్లో దాదాపు వెహికల్ అంతే ఉంటుంది. 3వ రోజుకు నాళాలు తగ్గి, ఆక్సిజన్ అందని చోట్లు పెరుగుతాయి. కణితి కణాల చావు ఆ తర్వాత లేస్తుంది. మందు నేరుగా తగిలితే 1వ రోజే మనిషి కణాల్లో చావు కనిపించాలి.

ఒక హెచ్చరిక. చచ్చిన ఎండోథీలియల్ కణం ఎక్కువసేపు అక్కడ ఉండదు. రక్తప్రవాహంలో కొట్టుకుపోతుంది, లేదా మాక్రోఫేజ్ తినేస్తుంది. సెక్షన్‌కు నాలుగైదు ఫీల్డులు చూసి లేవనకండి. మొత్తం స్లైడ్ స్కాన్ చేసి, సీడీ31 ఉన్న ప్రతి కణాన్నీ హారంలో పెట్టుకోండి.

హెచ్‌టీ-29 ఎంపిక మాత్రం మంచిదే. వీటి బతుకు కిట్, ఫ్లిట్-3ల (సునిటినిబ్ ఆపే ఇంకో రెండు కైనేజులు) మీద ఆధారపడదు. అదే జిస్ట్ (జీర్ణనాళంలో వచ్చే ఒక రకం కణితి) కణాలు తీసుకుని ఉంటే కిట్ ఆగగానే నేరుగా చచ్చేవి, మీ ప్రశ్నకు జవాబే ఉండేది కాదు. సునిటినిబ్ బదులు సొరాఫెనిబ్ వాడినా చిక్కే. హెచ్‌టీ-29లో బీఆర్ఏఎఫ్ వీ600ఈ మార్పు ఉంది, సొరాఫెనిబ్ రాఫ్‌ను కూడా తాకుతుంది కాబట్టి క్యాన్సర్ కణానికే నేరుగా తగలొచ్చు.

పారాఫిన్‌బ్లాక్:

పైన చెప్పినవి సరే కానీ ముందు మీ ఆకుపచ్చ మీద నాకు అనుమానం ఉంది. సునిటినిబ్ పసుప్పచ్చ మందు, దానంతట అదే వెలుగుతుంది. 430 నానోమీటర్ల దగ్గర వెలుతురు పీల్చి 540 దగ్గర వదులుతుంది. అంటే సూటిగా మీ ఎఫ్ఐటీసీ ఛానల్‌లోకే. పైగా బలహీన క్షారం కాబట్టి లైసోసోముల్లో (కణంలోని ఆమ్లపు సంచుల్లో) పోగవుతుంది. పారాఫిన్‌లో అయితే ఆల్కహాల్, జైలీన్ దాన్ని చాలావరకు కడిగేస్తాయి, ఓసీటీలో మాత్రం ఉండిపోతుంది. మీరు టునెల్ చేసింది ఓసీటీ మీదే. మందు ఇచ్చిన కణితి నుంచి ఏ రంగూ వేయని సెక్షన్ ఒకటి అదే ఎక్స్‌పోజర్‌లో చూడండి. అందులో పచ్చగా ఏమైనా ఉంటే మీ అంకె అంతా మళ్లీ తీయాల్సిందే. గుర్తు: మందు వెలుగు సైటోప్లాజంలో చుక్కలుగా ఉంటుంది, టునెల్ వెలుగు న్యూక్లియస్‌లో ఉంటుంది. డ్యాపీతో (న్యూక్లియస్‌కు పట్టే రంగు) కలిపి న్యూక్లియస్ లోపలిదే లెక్కిస్తే సగం గొడవ తీరుతుంది. పూర్తిగా తీరాలంటే ఎరుపు చివరి రంగుకు, అంటే 647 తరహా డైకి, లేదా పారాఫిన్‌లో డీఏబీకి (వెలగని గోధుమరంగు) మారండి. డిష్‌లో ఫ్లో సైటోమెట్రీ చేసినా ఇదే తంటా: అనెక్సిన్-ఎఫ్ఐటీసీ (అనెక్సిన్ చచ్చే కణానికి అంటుకునే ప్రొటీన్) వద్దు, అనెక్సిన్-ఏపీసీ వాడండి. డబ్ల్యూఎస్‌టీ-1 లాంటి 450 దగ్గర చదివే పరీక్షలకు మందు పసుపే అడ్డం వస్తుంది. కణాలు లేకుండా మందు మాత్రమే ఉన్న బావులు తీసివేతకు పెట్టుకోవాలి.

ఇక టునెల్ గురించి. తెగిన డీఎన్ఏ చివర ఎక్కడ ఉన్నా అది వెలుగుతుంది. అపోప్టోసిస్, నెక్రోసిస్ (కణం పగిలి చావడం), ఆలస్యంగా ఫిక్స్ చేయడం వల్ల కుళ్లిన కణం, మూడూ దానికి ఒకటే. హెచ్‌టీ-29 కణితుల్లో గ్రంథుల్లాంటి ఖాళీలు ఉంటాయి, వాటి నిండా రాలిన చచ్చిన కణాలు. అవి లెక్కలోకి వస్తే ఏ గుంపైనా ఎక్కువ చూపిస్తుంది. పక్క సెక్షన్‌కు మామూలు హెచ్ అండ్ ఈ రంగు వేసి నెక్రోసిస్ ప్రాంతాలకు గీత గీసి బయట పెట్టండి. ఆ ప్రాంతాన్ని కణితి విస్తీర్ణంలో శాతంగా విడిగా ఇవ్వండి. రెండూ కలిపి ఒకే అంకెగా ఇస్తే రివ్యూయర్ మళ్లీ తిప్పి పంపుతాడు.

ప్రొటీనేజ్-కె మి.లీ.కు 20 మైక్రోగ్రాములు, గది వేడిలో 10 నుంచి 15 నిమిషాలు పారాఫిన్‌కు. తక్కువైతే ఎంజైమ్ న్యూక్లియస్‌లోకి వెళ్లదు, ఎక్కువైతే కణాలు ఊడిపోయి మిగిలినవన్నీ వెలుగుతాయి. ఓసీటీకి ఇది వద్దు, ట్రైటాన్ చాలు. టునెల్‌లో తెగిన చివరలకు రంగు తగిలించే టీడీటీ ఎంజైమ్ 37 డిగ్రీల్లో 60 నిమిషాలు, తేమ డబ్బాలో. అంచులు ఎండితే అంచు పొడవునా దొంగ వెలుగు వస్తుంది. ప్రతి బ్యాచ్‌లో డీఎన్ఏజ్-1 పెట్టిన స్లైడ్ ఒకటి, టీడీటీ వేయని స్లైడ్ ఒకటి తప్పనిసరి.

నన్నడిగితే టునెల్‌ను రెండో సాక్ష్యంగా ఉంచి క్లీవ్డ్ కాస్పేస్-3ని (ఆస్పార్టేట్ 175 దగ్గర తెగినది) ముందు పెట్టండి. అది కుందేలు యాంటీబాడీ, ఎలుకకూ మనిషికీ రెండింటికీ పడుతుంది. మనిషి కణాలను వేరుగా చూపడానికి ఎం30: కాస్పేస్ కోసిన సైటోకెరాటిన్-18 ముక్కను పట్టుకుంటుంది. హెచ్‌టీ-29లో సైటోకెరాటిన్-18 పుష్కలం, ఎండోథీలియంలో ఉండదు. ఎం30 మాత్రం ఎలుక యాంటీబాడీ, న్యూడ్ ఎలుకల్లో సొంత ఐజీజీ ఉంటుంది, నేపథ్యం లేస్తుంది. యాంటీ-మౌస్ ఫ్యాబ్ ముక్కలతో ముందు బ్లాక్ చేయండి, లేదంటే స్ట్రోమా అంతా గోధుమరంగే. ఖర్చు లేని ఉపాయం ఇంకోటి ఉంది: డ్యాపీలో ఎలుక న్యూక్లియస్ నిండా ప్రకాశవంతమైన చుక్కలు ఉంటాయి, మనిషిది నున్నగా ఉంటుంది. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లో తేడా తెలిసిపోతుంది. చచ్చి ముడుచుకున్న న్యూక్లియస్ మీద మాత్రం దీన్ని నమ్మొద్దు.

సీడీ31 ఏ క్లోన్ వాడారో రాయలేదు. ఎంఈసీ13.3 ఓసీటీకి బాగుంటుంది, ఫార్మలిన్ పారాఫిన్ మీద దాదాపు పడదు. పారాఫిన్‌కు ఎస్‌జెడ్31, లేదా ఎలుక సీడీ31కి ప్రత్యేకమైన కుందేలు క్లోన్. యాంటిజెన్ రిట్రీవల్ సిట్రేట్ పీహెచ్ 6, ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9 రెండూ మీ బ్లాకుల మీదే పరీక్షించుకోవాలి. కొన్ని మాక్రోఫేజ్‌లు, ప్లేట్‌లెట్లు కూడా సీడీ31 చూపిస్తాయి కాబట్టి ఎండోమ్యూసిన్‌తో (ఇంకో ఎండోథీలియల్ గుర్తు) సరిచూసుకోండి.

లెక్కించే పద్ధతి గురించి: వైడ్నర్ 1991లో చెప్పిన హాట్‌స్పాట్ పద్ధతి రొమ్ము క్యాన్సర్ రోగుల స్లైడ్లకు పుట్టింది, నాళాలు దట్టంగా ఉన్న చోటే వెతికి లెక్కపెడుతుంది. మందు నాళాలను తుడిచేసిన కణితిలోనూ ఎక్కడో ఒక మూల దట్టమైన చోటు దొరుకుతుంది, ముఖ్యంగా అంచున. మీకు కావాల్సింది బతికున్న ప్రాంతం మొత్తంలో సీడీ31 విస్తీర్ణ శాతం, అంచునూ నడిమినీ విడగొట్టి.

స్లైడ్‌బాక్స్:

రంగు వేయని ఓసీటీ సెక్షన్ చూశాను. మందు గుంపులో సన్నటి పచ్చ చుక్కలు ఉన్నాయి, వెహికల్‌లో లేవు. టునెల్ పారాఫిన్ మీద డీఏబీతో మళ్లీ చేస్తాను.

రెండు అనుమానాలు. సునిటినిబ్ బదులు యాంటీబాడీ ఒకటి పెడితే బలం చేకూరుతుందా? మా దగ్గర బెవాసిజుమాబ్ దొరుకుతుంది, డీసీ101 కొనాలి. రెండోది, కిలోకు 40 మి.గ్రా. అన్నది మేం మేలేట్ ఉప్పుగా తూచాం. అది తేడానా?

డోస్‌వాల్యూమ్:

తేడానే. పేపర్లలో చాలాచోట్ల 40 అంటే బేస్ (మేలేట్ కలవని మందు) లెక్క. మేలేట్ అణుభారం 532.6, బేస్ 398.5. కిలోకు 40 మి.గ్రా. బేస్ కావాలంటే మేలేట్ 53.5 మి.గ్రా. తూచాలి. కిలోకు 10 మి.లీ. చొప్పున ఇస్తే మి.లీ.కు 5.35 మి.గ్రా. సస్పెన్షన్, 20 గ్రాముల ఎలుకకు 0.2 మి.లీ. మీరిచ్చింది బేస్‌లో సుమారు 30. పనిచేయని డోసేం కాదు, కానీ మెథడ్స్‌లో ఉప్పు లెక్క అని స్పష్టంగా రాయండి. సస్పెన్షన్ అడుగుకు దిగుతుంది. ప్రతి ఎలుకకు ముందు సీసా తిప్పకపోతే మొదటి ఎలుకకు నీళ్లు, చివరి ఎలుకకు ముద్ద.

ఎండోథీలియం గారి మొదటి వాదనతో మాత్రం పూర్తిగా ఏకీభవించను. ప్లాస్మా 0.25 మైక్రోమోలార్ కాబట్టి 10 మైక్రోమోలార్ అసంభవం అనడం ఈ మందు విషయంలో చెల్లదు. 2011లో రోగుల కణితుల్లో కొలిచినప్పుడు కణజాలంలో సగటున 9.5 మైక్రోమోలార్ ఉంది, ప్లాస్మాకు సుమారు 30 రెట్లు. దానిలో ఎక్కువ భాగం లైసోసోముల్లో బందీ, కైనేజ్‌ను తాకదు. అయినా రివ్యూయర్ ఆ పేపర్ చదివుంటే మీ ప్లాస్మా వాదన ఒక్క వాక్యంలో పడిపోతుంది. అందుకే అంకెల మీద కాదు, యాంటీబాడీ మీద నిలబడండి.

యాంటీబాడీ అంటే డీసీ101 మాత్రమే. బెవాసిజుమాబ్ మనిషి వీఈజీఎఫ్-ఏని పట్టుకుంటుంది, ఎలుక వీఈజీఎఫ్‌ను పట్టించుకోదు. మీ కణితిలో ఫైబ్రోబ్లాస్టులు, మాక్రోఫేజ్‌లు ఎలుకవి, అవి చేసే వీఈజీఎఫ్ అలాగే ఉంటుంది. ఫలితం సగంలో ఆగితే ఎందుకో చెప్పలేరు. డీసీ101 ఎలుక వీఈజీఎఫ్ఆర్-2ను మూసేస్తుంది, మనిషి రిసెప్టర్‌ను తాకదు. అంటే అది హెచ్‌టీ-29 కణాన్ని నేరుగా చంపే దారే లేదు. డీసీ101తోనూ అదే క్రమం, అంటే ముందు ఎండోథీలియం, తర్వాత దూరంగా ఉన్న కణితి కణాలు, కనిపిస్తే నాళాల దారి ఒక్కటే చావుకు సరిపోతుందని తేలుతుంది. సునిటినిబ్ గుంపులో దాని మీద అదనంగా ఏమైనా ఉంటే అది నేరు ప్రభావం కావొచ్చు, లేదా పీడీజీఎఫ్ఆర్ వల్ల కావొచ్చు. డోసు కిలోకు 40 మి.గ్రా. సూదితో కడుపు కుహరంలోకి, మూడు రోజులకోసారి. 20 గ్రాముల ఎలుకకు 0.8 మి.గ్రా. కంట్రోల్‌గా ర్యాట్ (మీ మౌస్ కాదు, పెద్ద ఎలుక జాతి) ఐజీజీ1, పీబీఎస్ కాదు.

ఇంకొక ముఖ్యమైన ఉచ్చు: డీసీ101 ర్యాట్ యాంటీబాడీ. ఎంఈసీ13.3, ఎస్‌జెడ్31 కూడా ర్యాట్‌వే. యాంటీ-ర్యాట్ సెకండరీ (ర్యాట్ యాంటీబాడీ ఏదైనా పట్టుకుని వెలిగేది) వేస్తే నాళానికి అంటుకుని ఉన్న మందే వెలుగుతుంది. డీసీ101 గుంపులో నాళాలు తగ్గనట్టు, ఒక్కోసారి పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ఈ గుంపుకు కుందేలు సీడీ31 తప్ప వేరే దారి లేదు. మూడు గుంపులకూ అదే వాడండి.

పెరిసైట్:

సీడీ31 తగ్గింది అంటే రక్తం తగ్గింది అని అందరూ అనుకుని ముందుకు వెళ్తున్నారు. అది అలా తేలదు. కణితి నాళాల్లో చాలావాటిలో మామూలుగానే రక్తం పారదు, వంకర్లు, మూసుకుపోయిన చివర్లు. మందు ముందు తీసేది అలాంటివాటినే అయితే మిగిలినవి బాగుపడి ప్రవాహం కొన్నాళ్లు పెరగొచ్చు కూడా. కణితి నాళాల పరిశోధకుడు రాకేశ్ జైన్ 2001 నుంచి చెబుతున్న నార్మలైజేషన్ ఇదే. ఆ కిటికీలో మీరు కణితి తీస్తే నాళాలు తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. అప్పుడు కణాలు ఆకలితో చచ్చాయన్న వాదన ఎక్కడ నిలుస్తుంది? కాబట్టి ప్రవాహాన్నీ ఆక్సిజన్‌నీ విడిగా కొలవాల్సిందే.

కొత్త గుంపుల్లో కణితి తీసే ముందు: పిమోనిడజోల్ కిలోకు 60 మి.గ్రా. సూదితో కడుపు కుహరంలోకి, 60 నుంచి 90 నిమిషాల ముందు. ఆక్సిజన్ 10 మి.మీ. పాదరసం కంటే తగ్గిన బతికున్న కణాల్లోనే అంటుకుంటుంది, పారాఫిన్‌కు పనికొస్తుంది. చచ్చిన ప్రాంతంలో అంటదు కాబట్టి నెక్రోసిస్ పెరిగిన కణితిలో పిమోనిడజోల్ శాతం తగ్గినట్టు కనిపించొచ్చు, హారంలో బతికున్న విస్తీర్ణమే పెట్టాలి. బయోటిన్ కట్టిన టమాటా లెక్టిన్ (రక్తంతో వెళ్లి నాళం గోడకు అంటుకునే ప్రొటీన్) 100 మైక్రోగ్రాములు తోక సిరలోకి, 5 నిమిషాల ముందు. సీడీ31 ఉండి లెక్టిన్ లేని నాళం రక్తం పారని నాళం. హెక్స్ట్ 33342 (రక్తంతో వెళ్లి నాళం పక్క న్యూక్లియస్‌లకు పట్టే రంగు; కిలోకు 15 మి.గ్రా., ఒక్క నిమిషం ముందు) కూడా మంచిదే కానీ ఓసీటీకే, నిమిషం దాటితే దూరానికి పాకి అర్థం చెడుతుంది. ఇవన్నీ జంతు ఎథిక్స్ కమిటీ ప్రొటోకాల్‌లో ముందే ఉండాలి. రివిజన్ హడావిడిలో సవరణ పెట్టకుండా సూది వేసేస్తే పేపరే ఆగిపోతుంది.

తర్వాత దూరాల లెక్క. ప్రతి క్లీవ్డ్ కాస్పేస్-3 కణానికీ దగ్గరి పారే నాళం ఎన్ని మైక్రాన్ల దూరంలో ఉందో ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌తో కొలిచి పంపిణీ గీయండి. ఆక్సిజన్ నాళం నుంచి 100, మహా అయితే 200 మైక్రాన్ల వరకే చేరుతుంది. కాలువ కట్టేస్తే ముందు ఎండేది చివరి ఆయకట్టు, కాలువ నీళ్లలో విషం కలిస్తే ముందు మాడేది గట్టు పక్క పైరు. రక్తం అందక చావు అయితే కాస్పేస్ కణాలు నాళానికి దూరంగా, పిమోనిడజోల్ పట్టీ పక్కన గుమిగూడతాయి. మందు నేరుగా చంపితే నాళం చుట్టే చావు మొదలవుతుంది, ఎందుకంటే కణజాలంలోకి సరిగా ఇంకని ఈ మందు నాళం చుట్టూ ఉన్న కణాల్లోనే చిక్కుకుంటుంది. ఈ ఒక్క బొమ్మ రివ్యూయర్‌ను ఒప్పించినంత బాగా ఏ వెస్టర్నూ ఒప్పించదు.

తీసే సమయం మీద కూడా ఒక మాట. ఎలుకలో సునిటినిబ్ మనిషిలో లాగా రెండు రోజులు నిలవదు. కిలోకు 40 మి.గ్రా. ఇస్తే సరిపడా స్థాయి 12 గంటలు ఉంటుంది. మర్నాడు తీసిన కణితిలో ఫాస్ఫో-వీఈజీఎఫ్ఆర్-2 చూస్తే తిరిగి లేచి ఉంటుంది, మందు టార్గెట్‌ను ఆపలేదనిపిస్తుంది. టార్గెట్ కోసం చివరి డోసు తర్వాత 2 నుంచి 6 గంటల్లో తీయాలి. శనాదివారాలు గవాజ్ ఎగ్గొట్టే అలవాటు ఉంటే అసలు ఈ పని పెట్టుకోవద్దు. నాళం చచ్చినా దాని బేస్‌మెంట్ మెంబ్రేన్ ఖాళీ తొడుగులా మిగులుతుంది. మందు ఆపిన రోజులోపే ఆ తొడుగుల్లోకి కొత్త మొలకలు దిగుతాయి, వారానికి నాళాలు తిరిగి నిండుతాయి. 2006లో ఎలుక కణితుల్లో దీన్ని శుభ్రంగా చూపించారు. మనిషికి ఇచ్చే పద్ధతిలో, అంటే రోజుకు 50 మి.గ్రా. నాలుగు వారాలు, తర్వాత రెండు వారాల విరామం, ఆ విరామంలో కణితి మళ్లీ లేవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు.

స్లైడ్‌బాక్స్:

కొత్త ఎలుకల గుంపులకు అనుమతి, డీసీ101 రెండూ ఆలస్యమవుతాయి. ఈలోపు 14వ రోజు బ్లాకుల నుంచి ఏం తీయొచ్చో చెప్పండి.

పారాఫిన్‌బ్లాక్:

కొలాజెన్-4 (పెరిసైట్ గారు చెప్పిన ఖాళీ తొడుగులోని ప్రొటీన్), సీడీ31 జంటగా వేయండి. సీడీ31 లేని కొలాజెన్-4 గొట్టాలు మందు గుంపులో ఎక్కువగా ఉంటే అక్కడ ఒకప్పుడు నాళం ఉండి పోయింది అని చెప్పొచ్చు. పుట్టనేలేదు అన్న వాదన దాంతో తగ్గుతుంది. ఓసీటీ సగంలో ఇది బాగా వస్తుంది, రంగులు మాత్రం ఎరుపు, ఎరుపు చివర ఛానళ్లలో పెట్టండి. మిగిలిన నాళాల చుట్టూ ఎన్‌జీ2 లేదా డెస్మిన్ (పెరిసైట్ గుర్తులు) చూస్తే తొడుగున్నవే నిలిచాయా అన్నది తెలుస్తుంది. పిమోనిడజోల్ ఇవ్వలేదు కాబట్టి ఆక్సిజన్ కోసం సీఏ-9. హెచ్‌టీ-29లో అది హైపాక్సియాతో (ఆక్సిజన్ కొరతతో) లేస్తుంది కాబట్టి పనికొస్తుంది. కానీ కణం ఆక్సిజన్ తిరిగి అందిన తర్వాత కూడా సీఏ-9 చాలాసేపు ఉండిపోతుంది. ఇప్పటి పరిస్థితికి కాదు, గడిచిన రోజులకు గుర్తుగా చదవండి. తర్వాత ఎం30, దూరాల లెక్క పారాఫిన్ మీద. లెక్టిన్ లేదు కాబట్టి నాళమంటే సీడీ31 ఉన్నదల్లా అన్న పరిమితి రాసేయండి.

వెహికల్ గుంపుతో పోలికలో ఒక లోపం ఉంది, దాన్ని రివ్యూయర్ ఇంకా అడగలేదు గానీ అడుగుతాడు. 14వ రోజుకు వెహికల్ కణితులు మందు గుంపు కంటే చాలా పెద్దవి. పెద్ద కణితిలో నడిమి నెక్రోసిస్ దానంతట అదే పెరుగుతుంది, నాళాల సాంద్రత దానంతట అదే మారుతుంది. కొత్త ప్రయోగంలో అదే రోజు తీసిన వెహికల్‌తో పాటు, మందు గుంపు తుది పరిమాణానికి చేరినప్పుడే తీసిన వెహికల్ గుంపు ఒకటి కూడా పెట్టండి.

ఎండోథీలియం:

డోస్‌వాల్యూమ్ గారి అభ్యంతరం సరైనదే. కణజాలంలో పోగయ్యే మందుకు ప్లాస్మా అంకె చాలదు. డిష్ ప్రయోగాన్ని సప్లిమెంట్‌కు పంపి డీసీ101ను ప్రధాన బొమ్మలో పెట్టండి.

గణాంకాల్లో యూనిట్ ఎలుక, ఫీల్డు కాదు. ఒక కణితి నుంచి పది ఫీల్డులు తీస్తే అవి పది నమూనాలు కావు, వాటి సగటు ఒక్క నమూనా. అలా లెక్కపెడితే గుంపుకు ఐదు ఎలుకలు సాధారణంగా చాలవు, ప్రతి సమయానికీ 8 నుంచి 10 పెట్టుకోండి. లెక్కించే మనిషికి గుంపు తెలియకూడదు. సునిటినిబ్ గుంపు ఎలుకల చర్మం పసుపుగా మారుతుంది, అందువల్ల కణితి కొలిచేవారికి గుంపు ఎలాగూ తెలిసిపోతుంది. స్లైడ్ల నంబర్లు మాత్రం వేరొకరు మార్చి ఇవ్వాలి.

మాన్యుస్క్రిప్ట్‌లో వాక్యం ఇలా ఉంటే చాలనుకుంటాను: ఎండోథీలియల్ అపోప్టోసిస్ కణితి కణాల అపోప్టోసిస్ కంటే ముందు వచ్చింది, కణితి కణాల చావు పారే నాళాలకు దూరంగా కేంద్రీకృతమైంది, మనిషి కణాలను తాకని వీఈజీఎఫ్ఆర్-2 యాంటీబాడీతో కూడా ఇదే క్రమం కనిపించింది. డీసీ101 ఫలితం చేతికి వచ్చేదాకా మూడో ముక్క రాయకండి. మొదటి రెండూ కొత్త గుంపుల నుంచే రావాలి కాబట్టి రివిజన్ గడువు పొడిగించమని ఎడిటర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టండి, గడువు దాటాక అడిగితే కొత్త సబ్మిషన్ చేయమంటారు.